పొలమారితే ఎవరో తలచుకున్నట్టు కాదు

భోజనం మధ్యలో మనిషికి పొలమారుతుంది. దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పక్కన కూర్చున్నవారు నడినెత్తి మీద అరచేత్తో తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటారు. వెంటనే గ్లాసుతో మంచినీళ్లు అందిస్తారు. మా అమ్మగారు నాకు అలాగే తట్టేవారు, నేను నా పిల్లలకు తట్టాను. ఆరోగ్యవంతుడికి ఏడాదికి నాలుగుసార్లు పొలమారితే ఈ ఆచారం వల్ల వచ్చే నష్టమేమీ లేదు. కాని మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న మనిషికి పూటపూటా పొలమారుతుంటే, ఇంటిల్లిపాదీ నెత్తిన తట్టి నీళ్లందిస్తూ ఉంటే, ఆ నీళ్లలో కొంత ఊపిరితిత్తుల్లోకి పోతోందని ఎవరూ గ్రహించరు. గ్రహించవలసిన వైద్యుడు కూడా తరచుగా గ్రహించడు. ఈ వ్యాసం ఆ ఇద్దరి మీద, అంటే మీ మీదా మా మీదా, నేను చేస్తున్న ఫిర్యాదు.

ముందుగా వ్యాధి సంగతి క్లుప్తంగా చెబుతాను. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి, మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నాడీతంతువుల పైతొడుగును దెబ్బతీయడమే మల్టిపుల్ స్క్లెరోసిస్. మైలిన్ అనే ఈ తొడుగు కరెంటు తీగ మీది రబ్బరు పొర వంటిది. అది చెదిరిన చోట సంకేతాలు నెమ్మదిస్తాయి, కొన్ని ఆగిపోతాయి. 1868లో పారిస్ నగరంలో షార్కో అనే వైద్యుడు దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, స్త్రీలలో ఎక్కువ. చూపు మసకబారడం, కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, మూత్రం ఆపుకోలేకపోవడం వంటి లక్షణాలను రోగులూ చెబుతారు, వైద్యులూ అడుగుతారు. మింగడం గురించి మాత్రం రెండు వైపులా మౌనమే. జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే ఈ వ్యాధి ఉన్నవారిలో మూడింట ఒక వంతుకు పైగా మందికి ఏదో ఒక మేరకు మింగడంలో ఇబ్బంది ఉన్నట్టు తేలుతోంది. ఇంతమందికి ఉన్న బాధ ఇంత అజ్ఞాతంగా ఎలా ఉండగలిగిందన్నదే నా ప్రశ్న.

మింగడాన్ని మనం ఒక పనిగా లెక్కించకపోవడం అందుకు మొదటి కారణం. రోజుకు కొన్ని వందలసార్లు, నిద్రలో కూడా, మనకు తెలియకుండానే లాలాజలం మింగుతూ ఉంటాము. నిజానికి అది శరీరం చేసే అతి జటిలమైన పనులలో ఒకటి. నాలుక ముద్దను వెనక్కి నెట్టాలి. కొండనాలుక పైకి లేచి ముక్కు దారిని మూయాలి. స్వరపేటిక పైకీ ముందుకూ జరగాలి, స్వరతంత్రులు దగ్గరై శ్వాసమార్గాన్ని బంధించాలి, ఉపజిహ్విక మూతలా వాలాలి, అన్నవాహిక పైద్వారం తెరుచుకోవాలి. గొంతులో జరిగే ఈ పని అంతా ఇంచుమించు ఒక్క సెకనులో ముగుస్తుంది. ఆ క్షణంలో మనం ఊపిరి తీయము. దీనికి కనీసం అయిదు జతల కపాలనాడులు కలిసి పనిచేయాలి. వాటిని నడిపించే కేంద్రం మెదడు కింది భాగంలో, మజ్జాముఖంలో ఉంది. అక్కడ మైలిన్ దెబ్బతింటే ఆ ఒక్క సెకను లెక్క తప్పుతుంది. అనుమస్తిష్కం దెబ్బతింటే బలం ఉన్నా సమన్వయం ఉండదు. మూత పడే లోపే నీళ్లు జారిపోతాయి. అన్నం ముద్ద కంటే నీళ్లే ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. ముద్ద నెమ్మదిగా కదులుతుంది, నీరు ఆగదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం నేను ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తుండగా ఒక ఉపాధ్యాయురాలు నా దగ్గరకు వచ్చేవారు. అప్పటికే హైదరాబాదులో స్కానింగు చేయించుకుని, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని నిర్ధారణ అయింది. ఆరు నెలల్లో రెండుసార్లు న్యుమోనియాతో చేరారు. రెండుసార్లూ ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగు భాగంలోనే మచ్చ. రెండుసార్లూ యాంటీబయాటిక్ ఇచ్చి పంపాను. రెండోసారి ఇంటికి వెళ్లేముందు ఆమె ఒక మాట అన్నారు: "డాక్టరు గారూ, అన్నం తిన్నప్పుడు బాగానే ఉంటుంది, మంచినీళ్లు తాగితేనే దగ్గొస్తోందండీ." "నెమ్మదిగా తాగండమ్మా, తొందరేముంది" అన్నాను. బయట అరవై మంది రోగులు వరుసలో ఉన్నారు. ఆమె చెప్పిన వాక్యం రోగనిర్ధారణే. నేను వినలేదు.

మూడు నెలల తరువాత ఆమె కాళ్ల బిగుతు కోసం మందు రాయించుకోవడానికి వచ్చారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది, గొంతు తడిగా, గరగరమంటూ ఉంది. ఒళ్లు బాగా తగ్గారు. "దగ్గు ఎలా ఉంది?" అని అడిగాను. "తగ్గిపోయిందండీ, ఇప్పుడు నీళ్లు తాగినా రావడం లేదు" అన్నారు. భర్త కూడా సంతోషంగా తలూపారు. నేనూ సంతోషించాను. తరువాత నెలలో ఆమె మూడోసారి న్యుమోనియాతో వచ్చారు, ఇంటికి వెళ్లలేదు.

దగ్గు ఎందుకు తగ్గిందో నాకు ఆ తరువాత ఎప్పుడో చదివితే తెలిసింది. శ్వాసనాళంలోకి పరాయి పదార్థం జారితే దాన్ని బయటకు తరిమే కాపలాదారు దగ్గు. ఆ కాపలాదారుకు కబురందించే నాడి కూడా దెబ్బతింటే నీళ్లు యథేచ్ఛగా లోపలికి పోతాయి, మనిషి దగ్గడు. ఇంట్లోవారు నయమైందనుకుంటారు. అందుకే రోజూ పొలమారే మనిషికి అకస్మాత్తుగా పొలమారడం మానేస్తే శుభవార్త అనుకోకండి, వెంటనే వైద్యుడికి చెప్పండి. ఆమె తడి గొంతు, తగ్గిన బరువు, ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చిన న్యుమోనియా నా ఎదురుగా కూర్చుని చెబుతూనే ఉన్నాయి. చదువుకున్నది నేను, చెప్పినది ఆమె.

కనుక మీ ఇంట్లో ఈ వ్యాధి ఉన్నవారెవరైనా ఉంటే, వైద్యుడు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి. భోజనానికి పట్టే సమయం అరగంట దాటుతోందా? ఒకే ముద్దను రెండు మూడుసార్లు మింగవలసి వస్తోందా? తిన్న తరువాత గొంతు తడిగా వినిపిస్తోందా? ముక్కులోంచి నీళ్లు వస్తున్నాయా? బుగ్గలో మెతుకులు మిగిలిపోతున్నాయా? కారణం తెలియని జ్వరం వచ్చిపోతోందా? బట్టలు వదులయ్యాయా? పెళ్లికి పిలిస్తే వచ్చి, భోజనం వేళకు ఏదో సాకు చెప్పి వెళ్లిపోతున్నారా? ఈ చివరి ప్రశ్న ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు. నలుగురిలో దగ్గు వస్తుందన్న సిగ్గుతో మనిషి మొదట పంక్తి భోజనం మానేస్తాడు, తరువాత ఇంట్లో అందరితో కలిసి తినడం మానేస్తాడు, ఆ తరువాత తినడమే తగ్గించేస్తాడు. ఇంట్లోవారు "ఈమధ్య ఆకలి మందగించింది" అనుకుంటారు.

వైద్య సోదరులకు కూడా ఒక మాట. న్యూరాలజీ పరీక్షలో మోకాలి మీద సుత్తితో కొట్టడానికి పట్టే సమయమే "నీళ్లు తాగితే దగ్గొస్తుందా?" అని అడగడానికి పడుతుంది. అడగకపోవడానికి రద్దీని కారణంగా చూపిస్తాము. నేనూ అదే చూపించాను. ఆ రద్దీలోనే మూత్రం గురించి అడిగాను, మలబద్ధకం గురించి అడిగాను. అడగవలసినదిగా దీన్ని మనసులో పెట్టుకోలేదు, అంతే.

అనుమానం వచ్చినప్పుడు పరీక్షలు ఉన్నాయి. బేరియం కలిపిన ఆహారాన్ని మింగిస్తూ ఎక్స్‌రేతో వీడియో తీసే పద్ధతి ఒకటి. ముక్కు ద్వారా సన్నని కెమెరా గొట్టాన్ని గొంతు దాకా దించి, మింగేటప్పుడు ఏం జరుగుతోందో చూసే పద్ధతి మరొకటి, దీన్ని 1988లో అమెరికాలో మొదట వర్ణించారు. కేవలం బయటినుంచి చూసి, దగ్గు లేదు కనుక ఏమీ లేదని తేల్చడం పొరపాటు. ఈ పరీక్షలు చేయించి, ఏ చిక్కదనంలో ఏది ఇవ్వాలో నిర్ణయించి, వ్యాయామాలు నేర్పే నిపుణులు స్పీచ్ థెరపిస్టులు. మన వాళ్లకు స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పేవారు మాత్రమే. "మా నాన్నగారికి మాట బాగానే వస్తుంది, స్పీచ్ థెరపీ ఎందుకండీ?" అని నన్ను నిలదీసిన కొడుకులున్నారు. మాటకూ మింగడానికీ నాలుక ఒకటే, పెదవులు ఒకటే, గొంతు ఒకటే. ఒకటి బాగు చేయడం నేర్చుకున్నవారు రెండోదీ నేర్చుకుంటారు.

ఇక మన భోజన అలవాట్ల మీద నా అసలు తగవు. మన తెలుగు ఇళ్లలో నీళ్లు ఎత్తి తాగుతాము. గ్లాసు ఎంగిలి కాకూడదని తల వెనక్కి వంచి, పైనుంచి ధారగా పోసుకుంటాము. ఆరోగ్యవంతుడికి అదొక నైపుణ్యం. మింగలేని మనిషికి అంతకంటే చెడ్డ భంగిమ లేదు. తల వెనక్కి వంగినప్పుడు శ్వాసమార్గం మరింత తెరుచుకుంటుంది, నాలుకకు ధారను అదుపు చేసే అవకాశం ఉండదు, గురుత్వాకర్షణ నీళ్లను తిన్నగా గొంతులోకి దింపుతుంది. రోగి నీళ్లు కరుచుకుని, కొద్దికొద్దిగా గుక్కవేస్తూ, తల నిటారుగా ఉంచి తాగాలి. ఆయనకు ఒక గ్లాసు ప్రత్యేకంగా పెట్టేస్తే ఎంగిలి సమస్యా ఉండదు. గ్లాసులో నీళ్లు సగానికి తగ్గాక తల వెనక్కి వంచవలసి వస్తుంది కాబట్టి, ముక్కు తగలకుండా ఒక వైపు అంచు కత్తిరించిన గ్లాసు వాడతారు. కాగితపు కప్పును కత్తెరతో కత్తిరించి ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎంగిలి పట్టింపు మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి మరోసారి.

రెండోది చారన్నం. జబ్బు మనిషి అనగానే మనకు తట్టేది అదే. పలచని చారులో తేలే మెతుకులు. మజ్జిగన్నమూ అంతే. మింగడం కష్టమైనవారికి ఇదే అన్నిటికంటే కష్టమైన ఆహారం, ఎందుకంటే నోటిలో ఒకేసారి రెండు రకాల పదార్థాలు ఉంటాయి. మెతుకులను నములుతుండగానే చారు గొంతులోకి జారిపోతుంది. సాంబారులో తేలే ఇడ్లీ ముక్కలు, నీరు విడిచిన పెరుగులో కలిపిన అటుకులు కూడా ఈ కోవలోవే. బాగా ఉడికించి మెదిపిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి, ఒకే విధమైన మెత్తదనం వచ్చేలా కలిపిన ముద్ద చాలామందికి దానికంటే సులభం. గట్టి పెరుగు మజ్జిగ కంటే సులభం. అన్నంలో పొడిపొడిగా కలిపే కందిపొడి, కరివేపాకు పొడి గొంతులో ఎగిరి దగ్గు పుట్టిస్తాయి. మరమరాలు, జంతికలు, వేయించిన అప్పడాలు పెళుసుగా విరిగి ఎటుపడితే అటు పోతాయి. రాయలసీమ మిత్రులు కోపగించుకోకపోతే సంకటి సంగతి కూడా చెబుతాను. సంకటి ముద్దను నమలకుండా మింగడంలో ఒక రుచి ఉందని వారంటారు, నేను కాదనను. కాని అంటుకునే గుణం ఉన్న పెద్ద ముద్దను నమలకుండా మింగడం ఈ రోగికి నిషిద్ధం. అదే రాగిపిండితో చిక్కగా కాచిన జావ అయితే అనుకూలం కావచ్చు.

ఎంత చిక్కగా ఉండాలన్న దానికి ప్రపంచవ్యాప్తంగా ఇప్పుడు 0 నుంచి 7 వరకు ఎనిమిది మెట్ల కొలత ఒకటి వాడుతున్నారు. పలచని నీరు 0, మామూలు భోజనం 7. దీని అందం ఏమిటంటే కొలతకు యంత్రాలక్కర్లేదు. చెంచా వంచితే పదార్థం ఒక్క ముద్దగా జారాలా, చుక్కలుగా కారాలా అని చూస్తారు. ఫోర్కుతో ముక్కను నొక్కినప్పుడు బొటనవేలి గోరు తెల్లబడేంత ఒత్తిడికి అది నలిగి, మళ్లీ లేవకపోతే మెత్తటి ముక్కల మెట్టుకు సరిపోతుందంటారు. మీ రోగికి ఏ మెట్టు అన్నది పరీక్షించిన నిపుణుడు చెప్పాలి. నేను ఈ వ్యాసంలో చెప్పలేను, పక్కింటివారూ చెప్పలేరు.

నీళ్లను చిక్కబరిచే పొడులు మార్కెట్లో దొరుకుతాయి. కొన్ని పిండి పదార్థంతో, కొన్ని జాంతాన్ గమ్ అనే బంకతో చేసినవి. పిండితో చేసినదాన్ని లాలాజలంలోని ఎంజైము నోటిలోనే పలచన చేయడం మొదలుపెడుతుంది. బంకతో చేసినదానికి ఆ ఇబ్బంది లేదు. ఇంట్లో కాచే గంజికీ, జావకూ మొదటి లోపమే వర్తిస్తుంది, ఎంగిలి చెంచాను గిన్నెలో పెట్టి గంటసేపు ఉంచితే మీరే చూడవచ్చు. చిక్కబరచిన నీరు శ్వాసనాళంలోకి జారడం తగ్గిస్తుందన్నది పరీక్షల్లో కనబడుతుంది గాని, దానివల్ల న్యుమోనియా కూడా అంత కచ్చితంగా తగ్గుతుందని రుజువు బలంగా లేదు. పైగా చిక్కటి నీరు రుచించక రోగి తాగడమే తగ్గిస్తాడు. మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. డబ్బా కొని ఇంట్లో పెట్టేస్తే బాధ్యత తీరలేదని చెప్పడానికే ఇదంతా.

మూడోది ప్రేమ. "ఇంకొక్క ముద్ద, నా కోసం" అంటూ అమ్మ పెద్ద ముద్ద చేసి నోట్లో పెడుతుంది. మొదటిది ఇంకా గొంతు దాటలేదు. 1998లో అమెరికాలో వృద్ధుల మీద జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే న్యుమోనియాకు బలమైన సూచికల్లో ఒకటిగా తేలినది మరొకరి చేత తినిపించుకోవలసి రావడం. తన చేత్తో తినే మనిషి తన గొంతు వేగానికి తగినట్టు తింటాడు. తినిపించే చెయ్యి తన వేగానికి తినిపిస్తుంది. చెయ్యి వణుకుతున్నా, చొక్కా మీద పడినా, తినగలిగినంత కాలం రోగిని తానే తిననివ్వండి. తినిపించక తప్పనప్పుడు ఎదురుగా, ఆయన కళ్ల ఎత్తులో కూర్చోండి. నిలబడి పైనుంచి పెడితే ఆయన తల ఎత్తవలసి వస్తుంది. గొంతు కదిలి కిందికి దిగడం కంటితో చూశాకే తరువాతి చెంచా. టీవీ ఆపండి. భోజనం చేసేటప్పుడు మాట్లాడరాదన్న పెద్దల నియమం ఈ రోగి విషయంలో నూటికి నూరుపాళ్లు వైద్యశాస్త్రమే, వారు ఏ కారణంతో పెట్టినా. తిన్న తరువాత కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచండి.

అదే అధ్యయనం పుచ్చిపోయిన పళ్లను, నోటి శుభ్రతకు ఇతరుల మీద ఆధారపడటాన్ని కూడా వేలెత్తి చూపింది. ఎంత జాగ్రత్తపడినా కొంత లాలాజలం లోపలికి జారవచ్చు. అందులో ఎన్ని క్రిములుంటే అంత ప్రమాదం. రోజుకు రెండుసార్లు పళ్లు తోమించడం, భోజనం తరువాత బుగ్గల్లో మెతుకులు తీయడం యాంటీబయాటిక్ కంటే చవక.

ఈ వ్యాధికి మరో స్వభావం ఉంది. ఒంట్లో వేడి పెరిగితే లక్షణాలు తాత్కాలికంగా తీవ్రమవుతాయి. 1890లో ఊటాఫ్ అనే జర్మన్ వైద్యుడు చూపు విషయంలో దీన్ని గుర్తించాడు. మన వైశాఖ మాసపు మధ్యాహ్నం ఒంటిగంటకు వంటింటి పక్కన కూర్చోబెట్టి వేడి వేడి అన్నం పెడితే, పొద్దున్న ఏడింటికి చక్కగా మింగిన మనిషి అప్పుడు మింగలేకపోవచ్చు. అది నటన కాదు. అలసట కూడా అంతే. ప్రధాన భోజనాన్ని ఉదయానికో, విశ్రాంతి తీసుకున్న తరువాతి వేళకో మార్చండి. రెండు పెద్ద భోజనాలను అయిదారు చిన్నవిగా విడగొట్టండి. మధ్యాహ్నం పన్నెండు గంటల భోజనమన్నది దైవశాసనమేమీ కాదు.

మందుల సంగతి ఒకటి ఉంది. మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నొప్పికీ నిద్రకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్ నోటిని ఎండగడతాయి, ఎండిన నోటితో ముద్ద జారదు. బిగుతు తగ్గించే బాక్లోఫెన్, టిజానిడిన్ మగత తెస్తాయి. వీటిని మీ అంతట మీరు ఆపవద్దు, ముఖ్యంగా బాక్లోఫెన్‌ను హఠాత్తుగా ఆపడం ప్రమాదం. మోతాదు, వేళ మార్చవచ్చునేమో వైద్యుణ్ణి అడగండి.

గడ్డం ఛాతీకి ఆనించి మింగితే అందరికీ నయమవుతుందని ఫోన్లలో తిరిగే వీడియోల గురించి అడుగుతున్నారు. ఆ భంగిమ కొందరికి బాగా ఉపయోగపడుతుంది, కొందరికి ఉపయోగపడదు, పరీక్షించకుండా తేల్చలేము. నాలుకకు వస, తేనె రాస్తే నాడులు తిరిగి మొలుస్తాయని అమ్మేవారి గురించి కూడా అడుగుతున్నారు. దెబ్బతిన్న మైలిన్ నాలుక మీద లేదు, మెదడులో ఉంది. పక్షవాతపు మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లో ఉగ్గుగిన్నెతో కషాయం పోయడాన్ని నేను కళ్లారా చూశాను. ఆ కషాయంలో ఏముందన్నది తరువాతి ప్రశ్న. అది ఎక్కడికి వెళ్లిందన్నది మొదటి ప్రశ్న.

నిజంగా అడ్డుపడినప్పుడు ఏం చేయాలో ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. రోగి గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, ముందుకు వంచండి, నీళ్లు ఇవ్వకండి, నెత్తిన తట్టకండి. మాట, దగ్గు, ఊపిరి ఏదీ రాక గొంతు పట్టుకుంటే అడ్డుపడినట్టే. ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల నడుమ అరచేతి మడమతో అయిదుసార్లు బలంగా కొట్టండి. రాకపోతే వెనక నిలబడి, పిడికిలిని బొడ్డుకు కొంచెం పైన ఉంచి, రెండో చేత్తో పట్టుకుని, లోపలికీ పైకీ అయిదుసార్లు కుదుపుగా నొక్కండి. 1974లో హైమ్లిక్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అడ్డు తొలిగేదాకా రెండూ మార్చి మార్చి చేస్తూ, మరొకరి చేత 108కి ఫోన్ చేయించండి. స్పృహ తప్పితే పడుకోబెట్టి గుండె మీద ఒత్తిడి మొదలుపెట్టాలి. కంటికి కనబడని దాని కోసం వేలు పెట్టి కెలకవద్దు, మరింత లోపలికి పోతుంది.

ప్రభుత్వాన్ని వదిలిపెడితే ఈ ఫిర్యాదు పూర్తి కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొంది, అందులో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. కాగితం మీద హక్కు ఉంది. కాని ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు కొలిచేది నడకను, చేతి బలాన్ని. నడవగలిగి, గుక్కెడు నీళ్లు తాగలేని మనిషి నష్టం ఏ గడిలో రాయాలో నేను కూర్చున్న బోర్డుల్లో ఎవరికీ తెలియలేదు. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960ల నుంచీ నిపుణులను తయారుచేస్తోంది. నేను పనిచేసిన జిల్లా ఆసుపత్రులలో ఒక్కదానిలోనూ మింగడాన్ని పరీక్షించే మనిషి లేడు. సీటీ స్కాన్ యంత్రం వచ్చినప్పుడు రిబ్బను కత్తిరించడానికి మంత్రి గారు వచ్చారు. గ్లాసెడు నీళ్లు చేతికిచ్చి పక్కన కూర్చుని గమనించే ఒక ఉద్యోగాన్ని మంజూరు చేస్తే కత్తిరించడానికి రిబ్బను ఉండదు కదా.

చివరిగా గొట్టం. నోటితో తగినంత ఆహారం సురక్షితంగా అందనప్పుడు, బరువు పడిపోతున్నప్పుడు, చర్మం గుండా కడుపులోకి సన్నని గొట్టం అమర్చి ఆహారం ఇవ్వవచ్చు. ఎండోస్కోపీ సాయంతో, పెద్ద శస్త్రచికిత్స లేకుండా చేసే ఈ పద్ధతిని 1980లో అమెరికా వైద్యులు ప్రచురించారు. కొద్ది వారాలకైతే ముక్కు గొట్టం చాలు. నాలుగు వారాలు దాటేట్టుంటే ఇది మెరుగు. ఈ మాట ఎత్తగానే బంధువులు ఏడవడం మొదలుపెడతారు, "అంతదాకా వచ్చిందా" అంటారు. ఒక కుటుంబం నాలుగు నెలలు వాయిదా వేసి, ముప్పై కిలోల అస్థిపంజరాన్ని తీసుకువచ్చి, ఇప్పుడు వేయండి అన్నారు. గొట్టం అన్నిటినీ ఆపదు. లాలాజలం జారడం ఆగదు, కడుపులోది పైకి తన్నవచ్చు, ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచవలసిందే. కొందరు రోగులు అన్నీ తెలుసుకుని వద్దంటారు, ఆ నిర్ణయం వారిది. నా తగవు వారితో కాదు, రోగిని అడగకుండానే "మా ఇంటా వంటా లేదు" అని తేల్చేసే పెద్దమనుషులతో.

మా వీధిలో ఈ వ్యాధితో చాలా ఏళ్లుగా ఉన్న ఒక పెద్దాయన గొట్టం వేయించుకుని మూడేళ్లయింది. భోజనం వేళకు ఆయన చక్రాల కుర్చీని బల్ల దగ్గరికి జరుపుతారు, అందరితోపాటు కూర్చుంటారు. థెరపిస్టు పరీక్షించి, నోరు శుభ్రం చేసిన తరువాత చెంచా కొన మీద ఇంత రుచి చూపవచ్చని అనుమతించారు. ఈ ఉగాదికి ఆయన భార్య పచ్చడిని మెత్తగా రుబ్బి, వడగట్టి, చిక్కబరచి, నాలుక మీద ఇంత పెట్టారు. ఆయన చాలాసేపు కళ్లు మూసుకుని ఉన్నారు. తరువాత అతి కష్టం మీద, కాని స్పష్టంగా, "వేపపువ్వు తక్కువైంది" అన్నారు.